"క్లీన్ యూఆర్‌ఎల్" ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి, నా 6,500తో పాటు పాస్‌వర్డ్ కూడా పోయింది

నిన్న రాత్రి రెండున్నర దాకా సర్వర్‌తో కుస్తీ పట్టాను. పడుకున్నా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఇది రాస్తున్నాను, కోపంలో ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి. వెబ్‌సైట్ అడ్రసుల చివర డాట్ పీహెచ్‌పీ, డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ తీసేసి ఇస్తాం, స్పీడ్ పెంచుతాం, గూగుల్‌లో పైకి తెస్తాం అని మూడూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే మనిషి ఉన్నాడు కదా, రాకెట్ బొమ్మ బ్యానర్ పెట్టుకుని, ఆయన గురించే. పేరు రాయను. రాస్తే పోస్ట్ లేపేస్తారు. కొని దెబ్బతిన్నవాళ్ళకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. మా మావయ్యది కడియంలో నర్సరీ. సైట్ నేనే 2017లో చేశాను. నేను ఐటీ వాణ్ణి కాదు, డిగ్రీలో నేర్చుకున్న కాస్త పీహెచ్‌పీతో (సర్వర్లో నడిచి పేజీని తయారుచేసే కోడ్) మొక్కకో ఫైలు చొప్పున 140 ఫైళ్ళు రాసిపెట్టాను. నవ్వకండి, ఇన్నేళ్ళూ అదే నడిచింది. ప్రతి మొక్కకీ కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే నీళ్ళు ఎన్ని పొయ్యాలి, ఎండ ఎంత కావాలి, ఎరువు ఎప్పుడెయ్యాలి అన్నీ వస్తాయి. గొడవల్లా ఫోన్లో అడ్రస్ చెప్పాల్సి వచ్చినప్పుడే. మావయ్య "స్లాష్ నిమ్మ డాట్ పీ హెచ్ పీ" అంటే అవతలివాళ్ళు బీ హెచ్ పీ అని కొట్టి "మీ సైట్ లేదండీ" అని మళ్ళీ ఫోన్ చేసేవారు. "ఆ తోక తీసెయ్యరా అబ్బాయ్, నోరు తిరగట్లేదు" అని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నాడు.

సరే అని ఈయన్ని అడిగితే, పాత షేర్డ్ హోస్టింగ్ (చాలామంది సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునేది) వద్దు, అందులోని అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది, వీపీఎస్ (మనకే విడిగా ఇచ్చే సర్వర్ భాగం) తీసుకుని ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో సర్వర్ సాఫ్ట్‌వేర్ మీదకు మార్చేద్దాం, ర్యాంకింగ్ కూడా పెరుగుతుంది అన్నాడు. 6,500. ఇప్పుడు తెలిసిందేమిటంటే పాత హోస్టింగ్‌లోనే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే అపాచీ సెట్టింగుల ఫైల్లో నాలుగు రీరైట్ లైన్లు (వచ్చిన అడ్రస్‌ను సర్వర్ లోపల మార్చుకునే లైన్లు) రాస్తే పనైపోయేదట. అపాచీ పాతబడిందీ లేదు పాడూ లేదు. అడ్రస్ చివర తోక ఉన్నా లేకపోయినా గూగుల్ ర్యాంకింగ్‌కు ఒకటే. ఇవన్నీ పది నిమిషాలు వెతికితే దొరికే విషయాలు, నేనే వెతకలేదు. యాభై రూపాయల గులాబీ మొక్క కొనేవాడు కూడా కవర్ ఎత్తి వేళ్ళు చూసి కొంటాడు, నేను రాకెట్ బొమ్మ చూసి కొన్నాను.

పని అయిపోయిందని స్క్రీన్ షేర్‌లో చూపించాడు. హోమ్ పేజీ వచ్చింది. "మా గురించి" పేజీ తోక లేకుండా వచ్చింది. నర్సరీకి దారి చూపించే పేజీ కూడా వచ్చింది. "చూడండి బ్రో, సూపర్ క్లీన్" అన్నాడు. నిజంగానే బాగుంది, నాకూ ముచ్చటేసింది. "ఇంకో క్లయింట్ లైన్లో ఉన్నాడు బ్రో, అప్రూవ్ నొక్కి రేటింగ్ ఇచ్చేస్తే నేను దిగిపోతా" అంటే నొక్కేశాను. ఐదు స్టార్లు కూడా ఇచ్చాను. ఒక్కటంటే ఒక్క మొక్క పేజీ తెరిచి చూడలేదు. 140 మొక్కల్లో ఒక్కటి! చూపించిన పేజీల్లో రెండు ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు, అంటే సర్వర్ ఏ కోడూ నడపకుండా ఉన్నదున్నట్టు పంపేవి, హోమ్ పేజీ ఎలాగూ తెరుచుకుంటుంది. అసలు సైటంతా ఉన్నది పీహెచ్‌పీలో. ఆ సంగతి ఆయనకు తెలియదంటే నేను నమ్మను, ఫైళ్ళన్నీ కాపీ చేసింది ఆయనే.

తొమ్మిది రోజులు సైట్ నుంచి ఒక్క ఆర్డర్ రాలేదు. తొలకరి పడ్డాక మొక్కల వాళ్ళకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు, అలాంటిది సున్నా. మావయ్య "వానలు సరిగ్గా లేవు కదరా" అని సర్దుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను.

మొన్న శనివారం హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పోయిన నెల నర్సరీకి వచ్చి నిమ్మ మొక్క పట్టుకెళ్ళాడట. "ఏవండీ, ఆకులు పసుపురంగుకు తిరుగుతున్నాయని ట్యాగ్ స్కాన్ చేశాను, పేజీ రావట్లేదు, ఏదో ఫైలు దిగుతోంది, వైరస్సేమో అని భయపడి తెరవలేదు" అన్నాడు. నెట్ ప్రాబ్లమ్ అయ్యుంటుందిలెండి అన్నాను (ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తోంది). ఆయన మర్యాదస్తుడు, పావుగంట తర్వాత స్క్రీన్‌షాట్ పంపి కింద ఒక్క ముక్క రాశాడు, "ఇది మీ పాస్‌వర్డ్ లాగుందండీ, ఒకసారి చూసుకోండి."

చూశాను. నేను 2017లో రాసిన కోడ్, అక్షరం పొల్లుపోకుండా. మొదటి లైన్లో పీహెచ్‌పీ మొదలయ్యే గుర్తు, రెండో లైన్లో డేటాబేస్ పేరు, మూడో లైన్లో యూజర్, నాలుగో లైన్లో పాస్‌వర్డ్. మావయ్య కూతురి పేరు, పక్కన 2017. కిందెక్కడో "ఇక్కడ ఎర్రర్ వస్తోంది తర్వాత చూడాలి" అని నా కోసం నేను రాసుకున్న ముక్క కూడా ఉంది. పాస్‌వర్డ్ ఒక ఫైల్లో దాచి మిగతావాటికి అక్కడి నుంచి ఇవ్వాలన్న జ్ఞానం అప్పట్లో లేదు, 140 ఫైళ్ళలోనూ పైనే రాసిపెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఆ పాపం ఎవరి మీదా వెయ్యను.

జరిగిందేంటో తెలిసినవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తే అర్థమైపోతుంది. ఇంజిన్‌ఎక్స్‌లో ట్రై ఫైల్స్ అని ఒక లైన్ ఉంటుంది. అడిగిన పేరుతో ఫైలుందా చూడు, లేకపోతే చివర డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ తగిలించి చూడు, అదీ లేకపోతే 404, అంటే పేజీ లేదని, చెప్పు, ఇలా వరసగా రాసుకుంటాం. ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్‌కు అది భేషుగ్గా పనిచేస్తుంది. ఈయన అదే వరసలో డాట్ పీహెచ్‌పీ కూడా ఇరికించాడు. అప్పుడేమవుతుందంటే, నిమ్మ అని అడిగితే సర్వర్ నిమ్మ డాట్ పీహెచ్‌పీ ఫైలును పట్టుకుంటుంది, కానీ పీహెచ్‌పీని నడిపించే బ్లాక్ (సెట్టింగుల్లో ఒక భాగం) వేరే ఉంది, అక్కడికి పంపదు, ఉన్నచోటే ఉన్నదున్నట్టు ఫైలును చేతిలో పెట్టేస్తుంది. వంట చెయ్యకుండా పచ్చి బియ్యం, పప్పు, దాంతో పాటు బీరువా తాళాలు కూడా విస్తట్లో వడ్డించినట్టు. దానికితోడు పాత డాట్ పీహెచ్‌పీ అడ్రసులన్నిటినీ 301 అనే శాశ్వత మళ్ళింపుతో కొత్త అడ్రసులకు మళ్ళించాడు. కాబట్టి మావయ్య ఇన్నేళ్ళుగా అమ్మిన ప్రతి మొక్క మెడలోని ట్యాగూ, ఎవరు స్కాన్ చేసినా, నేరుగా ఈ పచ్చి ఫైలు దగ్గరికే.

ఇక ఈ పోస్ట్ ఎందుకు రాస్తున్నానో ఆ భాగం.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెడితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాలుగోసారి ఎత్తి, నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేదాకా విని, చాలా ప్రశాంతంగా అన్నాడు: "సర్, మీరు ఎక్స్‌టెన్షన్ తీయమన్నారు, తీశాం. పేజీ లోపల ఏమొస్తుందనేది మన స్కోప్‌లో లేదు సర్."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. పని అప్రూవ్ అయ్యేదాకా బ్రో, ఇప్పుడు సర్. "అంటే పేజీ తెరుచుకోవాలని నేను విడిగా రాసివ్వాలా?" అని అడిగితే, "అవును సర్, రిక్వైర్‌మెంట్ క్లియర్‌గా ఇవ్వాలి కదా, మీరే టెస్ట్ చేసి అప్రూవ్ చేశారు, ఫైవ్ స్టార్ కూడా ఇచ్చారు" అన్నాడు. నా పాస్‌వర్డ్ ఊళ్ళో తిరుగుతోందయ్యా అంటే, "కోడ్‌లో పాస్‌వర్డ్ పెట్టింది మీరు కదా సర్" అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వే, అదే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ ఒక్క మాటలో నిజం ఉంది, అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తర్వాత, "ఎమర్జెన్సీ ఫిక్స్ కావాలంటే 3,500 అవుతుంది సర్, సోమవారం చూస్తాం" అన్నాడు. సోమవారం! ఇల్లు కాలుతుంటే ఫైరింజిన్ వాడు డీజిల్ డబ్బులు అడిగి, అది కూడా ఎల్లుండి వస్తానన్నట్టు. ఫోన్ పెట్టేశాను. అరవలేదు కూడా, ఎందుకు అరవలేదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆయన ప్యాకేజీ అమ్మే ప్లాట్‌ఫామ్‌కు ఫిర్యాదు పెడితే, అప్రూవ్ చేసి వారం దాటింది కాబట్టి ఏమీ చెయ్యలేం అని రెడీమేడ్ జవాబు. ధన్యవాదాలు.

నా క్లాస్‌మేట్ ఒకడు బెంగళూరులో సర్వర్ల పనే చేస్తాడు, రాత్రి వాణ్ణి లేపి కూర్చోబెట్టాను. ముందు పాస్‌వర్డ్ మార్చించాడు. డేటాబేస్ బయటి నుంచి తెరుచుకునేలా లేదు కాబట్టి బతికిపోయావ్ అన్నాడు, ఆర్డర్లు చూసే అడ్మిన్ పేజీకి కూడా అదే పాస్‌వర్డ్ పెట్టానని చెప్పేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ట్రై ఫైల్స్ వరసలోంచి డాట్ పీహెచ్‌పీ తీయించి, చివర్లో 404కు బదులు ఒక పేరున్న లొకేషన్ (సెట్టింగుల్లో మనమే పేరు పెట్టుకునే ఇంకో భాగం) పెట్టించి, అందులో డాట్ పీహెచ్‌పీ తగిలించి అసలు పీహెచ్‌పీ బ్లాక్‌కు పంపేలా రాయించాడు. రెండు లైన్లు. 6,500కు రెండు లైన్లు.

మధ్యలో నా తెలివి ఒకటి. ఆ 301 లైన్ పీహెచ్‌పీ బ్లాక్ లోపల ఉంటే చూడ్డానికి బాగుంటుందని అక్కడికి జరిపాను. అంతే, నిమ్మ అంటే లోపల నిమ్మ డాట్ పీహెచ్‌పీకి పంపుతుంది, అది మళ్ళీ నిమ్మకు పొమ్మంటుంది, మండలాఫీసులో ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిప్పినట్టు తిప్పి చివరికి బ్రౌజరే దండం పెట్టేసింది. "మనిషి టైప్ చేసిన అడ్రస్‌లో తోక ఉంటేనే మళ్ళించాలి, సర్వర్ లోపల తగిలించుకున్న తోకను చూసి మళ్ళించకూడదురా" అని వాడు తిట్టి మళ్ళీ పాతచోటే పెట్టించాడు. ఇంకో గంట వృథా అయింది ఎందుకంటే, మొదట్లో కంగారులో ఆ 301 మొత్తం తీసేసినా నా ఫోన్ మాత్రం ఇంకా కొత్త అడ్రస్‌కే పోతోంది. 301 అంటే శాశ్వతం, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్లో మార్చినా వెంటనే మర్చిపోదు. నాకది తెలియక సర్వర్‌నే తిప్పి తిప్పి రీలోడ్ చేశాను.

ఆర్డర్లు ఎందుకు రాలేదో కూడా అప్పుడే తేలింది. ఆర్డర్ ఫారం పాత డాట్ పీహెచ్‌పీ అడ్రస్‌కే పోస్ట్ చేస్తోంది. 301 తగలగానే బ్రౌజర్ దాన్ని మామూలు గెట్ రిక్వెస్ట్‌గా, అంటే ఉత్తినే పేజీ చూపించమని అడగడంగా, మార్చేస్తుంది, నింపిన పేరు, ఫోన్ నంబర్, మొక్కల లిస్టు అన్నీ దార్లోనే రాలిపోతాయి. తొమ్మిది రోజులు ఎంతమంది నింపారో, చేతికి ఒక పిచ్చి ఫైలు వస్తే మమ్మల్ని ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

ఇంకోటి మర్చిపోయాను. పాత హోస్టింగ్‌లో బిల్లుల ఫోల్డర్‌కు డాట్ హెచ్‌టీయాక్సెస్‌తో తాళం వేసి ఉంచాను. ఇంజిన్‌ఎక్స్ ఆ ఫైలును అసలు చదవదు. అంటే సర్వర్ మారిన రోజు నుంచి ఆ తాళం ఉత్తుత్తి తాళమే, అడ్రస్ తెలిస్తే ఎవరైనా బిల్లు తెరవొచ్చు, బిల్లులకేమో ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు. ఇది కూడా బహుశా స్కోప్‌లో లేదేమో.

మీరెవరైనా ఇలాంటి పని చేయించుకుంటుంటే, అప్రూవ్ నొక్కేముందు ప్రతి రకం పేజీ ఒక్కటైనా ప్రైవేట్ విండోలో తెరవండి, పాత అడ్రస్‌తో ఒకసారి, కొత్త దాంతో ఒకసారి. ఫారం ఉంటే నింపి పంపి చూడండి. మళ్ళింపును ముందు 302తో (తాత్కాలిక మళ్ళింపు) పెట్టించి అంతా సరిగ్గా ఉందని తేలాకే 301 చేయించండి. పాత అడ్రసుల మళ్ళింపు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, మాలాగా క్యూఆర్ ట్యాగులు అమ్ముకున్నవాళ్ళు జన్మలో తీయకూడదు. అడ్వాన్స్ ఎంతైనా ఇవ్వండి, రేటింగ్ మాత్రం వారం ఆగి ఇవ్వండి.

నిమ్మ మొక్క ఆయనకు పొద్దున మావయ్యే ఫోన్ చేసి నీళ్ళు తగ్గించమని చెప్పాడట. నన్ను మాత్రం ఇంకా ఏమీ అనలేదు, "పోన్లేరా, తోక పోయింది కదా" అన్నాడు అంతే.

అన్నట్టు, ఆ మనిషి పేజీకి వెళ్తే రివ్యూల్లో అన్నిటికన్నా పైన "సూపర్ వర్క్, చెప్పిన టైముకు ఇచ్చారు, కళ్ళు మూసుకుని కొనొచ్చు" అని ఒకటి కనిపిస్తుంది. అది నాదే. మార్చడానికి ఒప్పుకోవట్లేదు, నమ్మకండి.