గీజర్ కారుతోందని కొత్తది కొనే ముందు నీళ్ల ప్రెషర్ చూపించుకోండి

హైదరాబాద్‌లో ఎత్తైన టవర్లలో, అందులోనూ కింది అంతస్తుల్లో ఉండేవాళ్లు, ఈ చలికాలం గీజర్ మార్చే ఆలోచనలో ఉంటే ఒకసారి ఇది చదవండి.

మాది నార్సింగి వైపు 20 అంతస్తుల టవర్‌లో 3వ అంతస్తు. బాత్రూంలో 15 లీటర్ల గీజర్ కింద చుక్కలు పడుతున్నాయని, దాన్ని అమ్మిన షాపుకే ఫోన్ చేశాం. టెక్నీషియన్ వచ్చాడు. మూత విప్పిందీ లేదు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తుడిచి చూసిందీ లేదు. "లోపల ట్యాంకు పోయింది సార్, బోరు నీళ్లకి అంతే" అని తేల్చేశాడు. ఎక్స్‌చేంజ్ పేరుతో పాతది పట్టుకెళ్లి కొత్తది బిగించారు. కొద్ది రోజులకే అదే చోట అదే చుక్క.

మళ్లీ పిలిస్తే అతను చేసిన పనికి ఒళ్లు మండింది. కారుతున్నది చల్లనీళ్ల పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వు, లోపల ప్రెషర్ మితిమీరితే నీళ్లు బయటికి వదిలేది. దాన్ని ఊడబీకి మామూలు నిపుల్ (చిన్న పైపు ముక్క) బిగించి, "ఇక కారదు సార్" అన్నాడు. కారదు, నిజమే! రేపు నీళ్లు కాగాక హీటర్ ఆపే థర్మోస్టాట్ ఇరుక్కుపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటాఫ్ కూడా పనిచెయ్యకపోతే? విజిల్ మీద రాయి పెట్టి కుక్కర్ పొయ్యెక్కించినట్టే. అతను లిఫ్ట్ ఎక్కేలోపే వెనక్కి పిలిచి వాల్వు మళ్లీ పెట్టించాను. ఎవరైనా మీ ఇంట్లో ఈ పని చెయ్యబోతే మొహమాటపడకండి.

అసలు సంగతి మా కమ్యూనిటీ ప్లంబర్ తేల్చాడు. వాషింగ్ మెషిన్ కుళాయికి ప్రెషర్ గేజ్ తగిలించాడు. పగలు ముల్లు 6, 7 బార్ మధ్య ఆడింది (బార్ అంటే ప్రెషర్ కొలత). రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక 8 బార్ దాటింది. గీజర్ మీద అంటించిన ప్లేట్ చూస్తే ప్రెషర్ పరిమితి 0.8 ఎంపీఏ (మెగాపాస్కల్) అని ఉంది, అంటే సరిగ్గా 8 బార్. వాల్వు తెరుచుకోకుండా ఎలా ఉంటుంది?

నీళ్లు పది మీటర్లు ఎక్కాలంటే దాదాపు ఒక బార్ కావాలి. 20వ అంతస్తులో షవర్ బాగా రావాలని పంపు పెంచితే, ఆ భారమంతా కింది ఫ్లాట్ల మీద పడుతుంది. అందుకే పైపులు వెళ్లే షాఫ్ట్‌లో ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతారు. మా వైపుది మట్టి పట్టి పనిచెయ్యడం మానేసింది. హెల్త్ ఫాసెట్ ట్యూబు పగలడం, ఫ్లష్ ట్యాంకు ఆగకుండా నిండుతూనే ఉండడం, మెషిన్ నీళ్లు ఆపగానే గోడలో ఢమాలుమనడం, అన్నీ దాని పుణ్యమే. సొసైటీ వాళ్లు దాన్ని శుభ్రం చేయించి 3 బార్‌కి సెట్ చేయించాక రాత్రి కారడం ఆగింది.

నీళ్లు కాగేటప్పుడు మాత్రం కాసేపు చుక్కలు పడతాయి. దానికి కంగారు పడక్కర్లేదు. 15 లీటర్ల చల్లనీళ్లు బాగా కాగితే పావు లీటరు పైనే పెరుగుతాయి. వెనక్కి పోకుండా వాల్వు అడ్డుకుంటుంది కాబట్టి ఆ ఎక్కువైనవి బయటికి రావాల్సిందే. వాల్వు మూతికి సన్న ట్యూబు తగిలించి నేల జాలీ దాకా వదిలెయ్యండి, చివర మాత్రం ముయ్యకండి. ట్యాంకే పోతే నీళ్లు గీజర్ ఒంటి కింద నుంచి, తుప్పు రంగులో, స్విచ్ ఆపినా వస్తూనే ఉంటాయి. ఒక్కోసారి అదీ ట్యాంకు కాదు, హీటర్ బిగించే చోట వాషర్ పాడై ఉంటుంది. చిన్న ఖర్చుతో పోయేది.

కొనేటప్పుడు సేఫ్టీ వాల్వు పెట్టెలో ఉందో లేదో చూడండి, అది బిగించినట్టు ఇన్‌స్టలేషన్ చీటీలో రాయించండి. వారంటీ కాగితంలో ప్రెషర్ పరిమితి ఎంతో కూడా చదవండి. మేము డబ్బు వెనక్కి అడిగితే షాపువాళ్లు ఆ వాక్యమే చూపించి "మీ పైప్‌లైన్ తప్పు" అన్నారు. మరి మొదటిరోజు ట్యాంకు పోయిందని చెప్పింది ఎవరు? పాత గీజర్ చూపించమంటే స్క్రాప్‌కి వెళ్లిపోయిందట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం, ఇన్‌స్టలేషన్ డబ్బులు మాత్రం తిరిగొచ్చాయి. ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేవాళ్లు పాతది గడప దాటకముందే, కారుతున్న చోటు వీడియో తీసి పెట్టుకోండి.