నంబర్ బ్యాలెన్స్: చాలాకాలం వాడాక నా మాట

నంబర్ బ్యాలెన్స్ అంటే మధ్యలో ఇరుసు మీద త్రాసులా ఊగే ప్లాస్టిక్ దండె, దానికి రెండు వైపులా 1 నుంచి 10 దాకా అంకెల కొక్కేలు, వాటికి తగిలించడానికి ఒకే బరువున్న బిళ్ళలు. టీచర్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నాకు ఈ వస్తువు మీద ఉన్న ప్రేమంతా ఒక్క దానికోసమే, సమానం గుర్తు. కూడికలు, ఎక్కాలు లాంటివి దీంతో వచ్చినా రాకపోయినా నాకు పట్టింపు లేదు, వాటికి చింతపిక్కలు చాలు. కానీ 8 + 4 = □ + 5 అని బోర్డు మీద రాసి ఏ మూడో తరగతిలోనైనా అడిగి చూడండి. చాలామంది గడిలో 12 రాస్తారు, కొందరు ఇంకా ముందుకెళ్ళి అన్నీ కలిపేసి 17 అంటారు. కూడిక రాక కాదు. సమానం అంటే "ఇక జవాబు రాయి" అని ఒకటో తరగతి నుంచే వాళ్ళ మనసులో పడిపోయింది, ఎందుకంటే వాళ్ళు చూసిన లెక్కల్లో దాదాపు ప్రతిసారీ లెక్క ఎడమవైపు, జవాబు కుడివైపు. హైస్కూల్‌కి వెళ్ళాక x + 5 = 12 దగ్గర తెల్లమొహం వేసే పిల్లలకు ఇబ్బంది మొదలైంది ఎక్సు దగ్గర కాదని నా గట్టి నమ్మకం.

నేను విజయవాడలో, కృష్ణలంక వైపు ఒక చిన్న బడిలో మూడు, నాలుగు తరగతులకు చెబుతాను. దీన్ని ఏలూరు రోడ్డులో సొంత డబ్బుతో కొన్నాను. మొదటి పాఠంలోనే పెట్టిన డబ్బు వచ్చేసిందనిపించింది. ఎడమవైపు 8 మీద ఒక బిళ్ళ, 4 మీద ఒక బిళ్ళ తగిలించాం, అటు ఒరిగింది. కుడివైపు 5 మీద ఒకటి పెట్టాం, ఇంకా ఎడమే కిందకుంది. "ఇంకొక్క బిళ్ళ ఎక్కడ పెడితే సమానమవుతుంది?" అంటే తరగతంతా "పన్నెండు!" అని అరిచారు. పన్నెండో కొక్కెం లేదు కదా, పదికీ రెండుకీ తగిలిద్దాం టీచర్ అని ఒక పిల్లాడు వచ్చి తగిలించాడు. కుడివైపు ధబీమని కిందకి దిగింది. తప్పని నేను చెప్పకముందే "ఎక్కువైపోయింది, తీసెయ్ తీసెయ్" అని వాళ్ళే వాణ్ణి తొందరపెట్టారు. ఆ రెండూ తీసి తొమ్మిది, ఆరు అంటూ ఒక్క బిళ్ళనే అటూ ఇటూ జరిపి ఏడు దగ్గర ఆగారు. దండె నిలిచింది. అప్పుడొక పాప బోర్డు దగ్గరకొచ్చి, "అయితే 5 + 7 = 8 + 4 అని తిప్పి రాసినా ఒప్పేనా టీచర్?" అని అడిగింది. ఎన్నేళ్ళు బోర్డు మీద గీసి చెప్పినా నాకు రాని ప్రశ్న అది.

ఆ రోజు నుంచి మా తరగతిలో ఒక నియమం పెట్టాను. దండె సమంగా నిలిచాకే పలక మీద = గీయాలి. ఈ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ మొదట అచ్చులో వాడినప్పుడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని కారణం చెప్పాడట, పిల్లలకు ఈ కథ బాగా నచ్చింది. రెండు గీతలూ ఒకే పొడవుండాలని స్కేలు పెట్టి గీసేవాళ్ళు కూడా తయారయ్యారు.

సైన్సు వైపు కూడా పనికొస్తుంది. 10 మీద ఒక్క బిళ్ళకు 5 మీద రెండు బిళ్ళలు సరిపోతాయి, 4 మీద మూడు పెడితే 6 మీద రెండు కావాలి. బరువు ఒక్కటే కాదు, మధ్య నుంచి దూరం కూడా లెక్కలోకి వస్తుందని పిల్లలు వేళ్ళతో తెలుసుకుంటారు. ఆర్కిమెడిస్ తులాదండ సూత్రం అని పేరు తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు.

ఇదంతా చూసి మొదటి ఏడాది కనిపించిన ప్రతి టీచర్‌కీ కొనమని చెప్పాను. ఆ తర్వాతి ఏడాది వచ్చిపడింది అసలు టెన్షన్. దసరా సెలవులయ్యాక పిల్లలు గుంపులుగా లెక్కలు చేసుకుంటుంటే ఒక పాప పలక తెచ్చి చూపించింది. దాని మీద 7 = 8 అని ఉంది. "తప్పు కదమ్మా" అంటే, "నిలిచింది టీచర్, చూడండి" అని బ్యాలెన్స్ వైపు చెయ్యి చూపించింది. నిజంగానే ఎడమవైపు 7, కుడివైపు 8, దండె సమంగా ఉంది. వేలితో కొంచెం నొక్కితే నొక్కిన చోటే ఆగిపోతోంది. నాకు గుండె జారిపోయింది. ఆ పాప చేసిందాంట్లో ఏ తప్పూ లేదు, నేను పెట్టిన నియమమే తు.చ. తప్పకుండా పాటించింది. తప్పు చెప్పింది వస్తువు. పరికరం లేని తరగతి కంటే అబద్ధం చెప్పే పరికరం ఉన్న తరగతి ప్రమాదం, ఎందుకంటే పిల్లలు కళ్ళారా చూసినదాన్ని నమ్ముతారు, నమ్మాలని నేర్పింది కూడా మనమే.

విప్పి చూస్తే రెండు లోపాలు కనిపించాయి. ఇరుసు కూర్చునే రంధ్రం మామూలు ప్లాస్టిక్, అది అరిగి కోలగా అయిపోయి, సుద్దపొడి పట్టి, దండె కదలకుండా పట్టేస్తోంది. రెండోది ఎండ దెబ్బ. వేసవి సెలవులంతా రేకుల కింద బీరువా మీద ఉండేసరికి చేతులు రెండూ కొసల దగ్గర కొద్దిగా కిందికి వాలాయి. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చేతులు వాలితే దండె గరిమనాభి, అంటే దాని బరువంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసే బిందువు, ఇరుసు నుంచి ఇంకా కిందికి దిగుతుంది, అప్పుడది మొద్దుబారిపోయి ఒక అంకె తేడాకు సరిగా ఒరగదు. కొన్నచోట అడిగితే ఆరు నెలలు దాటింది కాబట్టి కొత్తది తీసుకోమన్నారు. విడిభాగాలు దొరకవట.

చివరికి ఆటోనగర్‌లో లేత్ పని చేసే పెద్దాయన ఒకరు చూశారు. "ఇదేం తూకమమ్మా, పళ్ళేలు లేవు?" అన్నారు. "అంకెలు తూస్తాం బాబాయ్" అని 8, 4, 5, 7 తగిలించి చూపించాను. రెండు మూడు లెక్కలు ఆయనే వేసి చూసుకుని, రంధ్రం కొంచెం పెద్దది చేసి ఇరుసు తిరగడానికి చిన్న ఇత్తడి గొట్టం, అదే బుష్, ఎక్కించారు, పాత ఇరుసు తీసి నున్నటి స్టీలు పిన్ను వేశారు, దండె వెనక సన్నని అల్యూమినియం పట్టీ బిగించారు. రెండు వైపులా ఒరుసుకోకుండా కాగితం మందం ఖాళీ ఉండాలని ఆ కాగితం పెట్టి మరీ చూశారు. కొత్తగా కొన్నప్పుడు కూడా ఇంత తేలిగ్గా ఊగలేదు.

ఇప్పుడు కొత్త ఇబ్బంది ఫ్యాను. ఇంత సున్నితంగా ఊగే దండె ఫ్యాను గాలికి నిలవదు, మన ఊళ్ళో మార్చి దాటాక ఫ్యాను ఆపమని పిల్లలకు చెప్పలేం. అందుకని ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి పీరియడ్‌లోనే వాడతాను, చుట్టూ అట్టపెట్టె అడ్డం పెడతాను. ఇంకొకటి, ముందు నేను చెప్పినంత అద్భుతం కూడా కాదు. కొందరు లెక్క ఆలోచించకుండా బిళ్ళను ఒక్కో కొక్కేనికీ మార్చుకుంటూ పోయి, నిలిచినప్పుడు అంకె రాసుకుంటున్నారు. అలాంటప్పుడు దండెను నేను చేత్తో పట్టుకుని, ముందు పలక మీద రాయించి, తర్వాతే వదులుతున్నాను. దీనికి ఓపిక కావాలి, పిల్లలు తక్కువుండాలి.

మా తరగతిలో పిల్లలు ముప్పై మంది లోపే కాబట్టి ఒక్కటి తిప్పి తిప్పి వాడుకోగలుగుతున్నాం. యాభై మంది ఉండి, వెనక సిలబస్ తరుముతుంటే ఇది బల్ల మీద బొమ్మగా మిగిలిపోవచ్చు, వాళ్ళకు నేను కొనమని గట్టిగా చెప్పలేను. నేనైతే వచ్చే జూన్‌లో రెండోది కొంటాను. కొనేవాళ్ళు షాపులోనే పెట్టె విప్పించి, రెండు వైపులా 10 మీద మూడేసి బిళ్ళలు పెట్టి, నిలిచాక ఒకవైపు 1 మీద ఇంకో బిళ్ళ తగిలించి చూడండి. 30కీ 31కీ తేడా చూపించి అటు ఒరిగితేనే డబ్బులివ్వండి.