38 డాలర్లకు కిటికీ సీటు కొంటే గోడ వచ్చింది

డెన్వర్ నుంచి లాస్ ఏంజెలస్‌కు పగటి విమానం చవకగా ఉన్నా రాత్రిదే కావాలని పట్టుబట్టాను. దిగేటప్పుడు ఆ ఊరి దీపాలు చూడాలని ఎప్పటినుంచో కోరిక. కిటికీ సీటుకు అదనంగా 38 డాలర్లు కట్టాను. తీరా వెళ్లి చూస్తే కిటికీ ఉండాల్సిన చోట తెల్లటి ప్లాస్టిక్ గోడ! ముందు వరుసకు కిటికీ ఉంది, వెనక వరుసకూ ఉంది.

కొన్ని బోయింగ్ 737లలో రెక్కకు కాస్త ముందు ఏసీ గొట్టాలు గోడలోంచి పైకి వెళ్తాయి. అందుకే అక్కడ కిటికీ పెట్టరు. సరే, పెట్టకండి. మరి దాన్ని కిటికీ సీటని అమ్మడమేంటి? ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే, గోడ పక్కనుంటే తమ లెక్కలో కిటికీ సీటేనని నవ్వుతూ చెప్పింది. మా ఆయనేమో "గోడకి తల ఆనించి హాయిగా పడుకో" అని నాకు సలహా ఇచ్చి తనే నిద్రపోయారు. 2025 ఆగస్టులో అమెరికాలో కొందరు ప్రయాణికులు సరిగ్గా ఈ విషయం మీదే కోర్టుకెక్కారు. వాళ్లకి నా పూర్తి మద్దతు.

మళ్లీ మళ్లీ అడిగితే వెనక ఖాళీగా ఉన్న కుడివైపు సీటు ఇచ్చారు. ఇంజిన్ వెనక కూర్చుంటే వేడిగాలికి దీపాలు కొంచెం వణుకుతూ కనిపిస్తాయి. కొనేవాళ్లు రెక్కకు బాగా ముందు సీటే కొనండి.

ఎడారి మీద చాలాసేపు చీకటే. శాన్ బెర్నార్డినో కొండలు దాటాక మొదలయ్యాయి దీపాలు, ఇక ఆగలేదు. గళ్ల చీర పరిచినట్టు నిలువు వీధులు, అడ్డ వీధులు. వాటిని కోసుకుంటూ ఫ్రీవేలు, ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క ఎర్రగా. అక్కడక్కడా నీలంగా పెరటి ఈతకొలనులు. ఈ నగరం 2009 నుంచి నారింజ వెలుగునిచ్చే పాత సోడియం వీధి దీపాలు తీసేసి ఎల్ఈడీలు పెడుతూ వచ్చింది, మొదటి విడతలోనే దాదాపు 1,40,000. నాకు మాత్రం ఇంకా మిగిలిన ఆ నారింజ రంగు ముక్కలే అందంగా అనిపించాయి.

దిగే ముందు లోపలి లైట్లు ఆర్పేశారు. ప్రమాదం జరిగి చీకట్లో బయటపడాల్సి వస్తే కళ్లు ముందే అలవాటుపడి ఉండాలని అలా చేస్తారు. చూడ్డానికి అసలు సమయం అదే. అప్పుడు కూడా పక్కాయన రీడింగ్ లైటు వేసుకున్నాడు! అద్దంలో నా మొహమే కనిపిస్తుంటే శాలువా కప్పుకుని చూశాను. డౌన్‌టౌన్ టవర్లు కుడివైపే వస్తాయి, ఎడమవైపు కూర్చున్నవాళ్లకి అవి దక్కవు.

ఇంకోటి, అర్ధరాత్రి లోపు దిగే విమానమే ఎంచుకోండి. అర్ధరాత్రి నుంచి ఉదయం 6:30 దాకా శబ్దం తగ్గించడానికి మామూలుగా విమానాల్ని సముద్రం వైపు నుంచి దించుతారు. అప్పుడు చివరికొచ్చేసరికి కింద నల్లటి నీళ్లే.

హోటల్ 189 డాలర్లు, పర్వాలేదు. తిరుగు ప్రయాణం పగలు. 38 డాలర్లు వెనక్కివ్వమని రాస్తే 25 డాలర్ల క్రెడిట్ పంపారు. అది కూడా మళ్లీ వాళ్ల దగ్గరే సీటు కొనుక్కోవడానికి మాత్రమే చెల్లుతుందట!