కార్తీక సోమవారం ప్యాకేజీలో విశాఖ విమాన మ్యూజియం కూడా ఉందా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు కార్తీక మాసం టూర్లలో ఒకటి బాగా అమ్ముడవుతుంది: సోమవారం పొద్దున శ్రీముఖలింగం దర్శనం, సాయంత్రం విశాఖలో నేవీ విమాన మ్యూజియం. దర్శనం వరకు బానే ఉంటుంది. తిరకాసంతా విమానం దగ్గరే. ఆర్కే బీచ్‌లోని టీయూ-142 (జలాంతర్గాములను వేటాడే పాత నేవీ విమానం) మ్యూజియానికీ, దానికి ఎదురుగా ఉన్న కురుసుర జలాంతర్గామికీ సోమవారం సెలవు. ఒక ట్రావెల్స్‌ను నమ్మి వెళ్లిన బస్సంతా గేటు బయట ఫొటోలు దిగి తిరిగొచ్చేసింది. డబ్బు వెనక్కి ఇమ్మంటే రసీదు చూపించారు. అందులో రాసింది ‘సైట్ సీయింగ్’ అని. అంటే బస్సు అక్కడ ఆగుతుందని మాత్రమే, టికెట్ కొని లోపలికి పంపుతారని కాదు.

కాబట్టి రసీదు మీద ‘ప్రవేశ టికెట్‌తో సహా’ అని రాయించండి. ‘నేవీ మ్యూజియం’ అంటే ఒప్పుకోవద్దు, విమానం, జలాంతర్గామి రెండూ విడివిడిగా పేర్లతో ఉండాలి. తేదీతో పాటు వారం కూడా చూసుకోండి. మంగళవారం నుంచి శనివారం దాకా విమానం తెరిచేది మధ్యాహ్నం తర్వాతే. పొద్దున్నే బీచ్‌లో దింపి పదింటికల్లా బస్సెక్కమనే ప్యాకేజీ కూడా దండగే.

బయట నుంచి చూసినా చాలదా అని సర్దిచెబుతారు. చాలదు. 1988లో సోవియట్ యూనియన్ నుంచి మన నేవీ తెచ్చుకున్న ఎనిమిదింటిలో ఇదొకటి, 2017 మార్చిలో విరమించింది. పొడవు 53 మీటర్లు. ఒక్కో ఇంజన్‌కు రెండు ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి. దగ్గరికెళ్లి చూస్తే ముందు ప్రొపెల్లర్‌కున్న నాలుగు రెక్కల వంపు ఒక వైపు, వెనక ప్రొపెల్లర్ నాలుగింటిది రెండో వైపు ఉంటుంది. దాదాపు 15,000 హార్స్‌పవర్ ఇంజన్ బలాన్ని ఒకే ప్రొపెల్లర్ తట్టుకోలేదు, అందుకే రెండు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. సముద్రంలోకి జారవిడిచి జలాంతర్గామి చప్పుడు వినే సోనోబాయ్‌లను చూశాక రోడ్డు దాటి కురుసురలోకి దిగితే, వేటాడేదీ దాక్కునేదీ రెండూ అర్థమవుతాయి. లోపల దారి ఇరుకు, వరసలో కదలాలి. రెండింటికీ కలిపి కనీసం రెండు గంటలు ఇవ్వమని అడగండి, అరగంట హాల్టుకు ఒప్పుకోవద్దు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పేయండి: మిగతా డబ్బు టికెట్లు చేతికొచ్చాకే. వాళ్లు కుదరదంటే రైలెక్కి వెళ్లి కౌంటర్లో మీరే కొనుక్కోండి, స్టేషన్ నుంచి బీచ్‌కు ఆటోలు దొరుకుతాయి.