ఐదువేళ్ల సాక్సు: పాకాల నుంచి చంద్రగిరి దాకా తారు రోడ్డు మీద

తిరుమల కొండకు నడిచిపోయినవాళ్లను ఎవరినైనా కదిలించండి, మెట్ల గురించే చెప్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారిమెట్టులో 2,388 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరాడలేదు, ఇట్లాంటివి. చిత్తూరు నుంచి నడిచేవాడికి మెట్లు చివరి పూట పని. పాదాలు పాడయ్యేది అంతకు ముందే, రోడ్డు మీద. మెట్లు ఎట్లాగూ వట్టి కాళ్లతోనే ఎక్కుతాం కాబట్టి, ఈ సాక్సు రోడ్డు మీద ఎంతవరకు ఆదుకుందో అదే రాస్తున్నా.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. చిత్తూరు-తిరుపతి రూట్లో స్టేజీలన్నీ నోటికొస్తాయి. పాకాల దాటితే చంద్రగిరి వచ్చేదాకా బస్సులో ఒక కునుకు తీసేంత దూరం. నడిస్తే మాత్రం తెల్లవారుజామున చీకట్లో బయల్దేరినా పొద్దు వాలేదాకా పడుతుంది.

సాక్సు మా పాప ఆన్‌లైన్లో తెప్పించింది. జత 399 రూపాయలు. చేతి గ్లౌజుల్లాగా ఒక్కో వేలికి ఒక్కో గది ఉంటుంది. చూస్తే నవ్వొస్తుంది, మా బామ్మర్ది నవ్వాడు కూడా. "బావా, కాలికి ఉంగరాలు పెట్టుకుంటావా ఏంది" అన్నాడు. తొడుక్కోవడం మాత్రం ఓపికతో కూడిన పని. నా ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది, దాన్ని దాని గదిలోకి పంపేలోపు మావాళ్లు గోవింద కొట్టి గేటు దాటేశారు.

దీంతో నాకు కలిసొచ్చిన పెద్ద సంగతి హవాయి చెప్పులు. మామూలు సాక్సు వేసుకుంటే హవాయి చెప్పు పట్టీ వేళ్ల మధ్యకు పోదు. ఇందులో బొటనవేలు విడిగా ఉంటుంది కాబట్టి చక్కగా దూరుతుంది. మన పాదయాత్రలో సగం మంది హవాయి చెప్పులవాళ్లే. పట్టీ రాసుకుని వేలి సందులో చర్మం లేచిపోవడం వాళ్లందరికీ తెలిసిన బాధ. చెమటకు చర్మం నానుతుంది, నానిన చర్మం మీద ఒకే చోట రాపిడి పడుతుంది, బొబ్బ వస్తుంది. ఈ సాక్సులో వేలూ వేలూ రాసుకోవు, పట్టీ కూడా చర్మానికి తగలదు. సాయంత్రం విప్పి చూస్తే వేళ్ల సందుల్లో ఒక్క బొబ్బ లేదు. ఆ మేరకు పూర్తి మార్కులు.

అరికాలికి మాత్రం దీనివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. పెరటాసి నెల (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరు మధ్య) అంటే ఎండలు తగ్గి ఉంటాయనుకుంటారు గానీ, పనపాకం దాటాక మధ్యాహ్నం తారు మీద నిలబడి చూడండి. హైవే పక్కన నీడ తక్కువ. వేలూరు వైపు నుంచి వచ్చే పసుపు బట్టల తమిళ భక్తులు వట్టి కాళ్లతో రోడ్డు అంచున తెల్లగీత మీదే ఒకరి వెనక ఒకరు నడుస్తుంటారు. నల్లతారు కన్నా తెల్ల రంగు తక్కువ కాలుతుంది, అంతే కిటుకు. నేనూ చెప్పులు విప్పి ఈ సాక్సుతో ఆ గీత మీద కొంత దూరం నడిచాను. వేడి కొద్దిగా ఆగింది. కంకర రాయి గుచ్చుకుంటే మాత్రం సాక్సు ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి, ఇది సాక్సు తప్పు కాదు. వాన నీళ్లు పోవడానికి రోడ్డును అంచువైపు వాలుగా వేస్తారు. ఎదురొచ్చే బండ్లు కనబడాలని మనం కుడి పక్కనే నడుస్తాం. దాంతో రోజంతా కుడి కాలు కొంచెం పల్లంలో, ఎడమ కాలు మెరకలో పడుతుంటుంది. సాయంత్రానికి ఒక పక్క మోకాలే ఎందుకు పీకుతుందో చాలామందికి అర్థం కాదు. కొండ మీద అడుగు అడుగుకూ ఎత్తు మారుతుంది, కండ కండకూ పని మారుతుంది. రోడ్డు మీద అదే అడుగు వేల సార్లు. పాత సర్వీసు రోడ్డు దొరికిన చోటల్లా దిగిపోండి, మట్టి అంచు ఉంటే ఇంకా మేలు.

దారిలో మజ్జిగ పోసే అమ్మ ఒకామె "సామీ, కాళ్ల మీద నీళ్లు పోయమంటారా" అని చెంబు ఎత్తింది. పోయించుకున్నా. హాయిగా ఉంది గానీ, తడిసిన ఈ సాక్సు తొందరగా ఆరదు. వేళ్ల గదుల్లో నీళ్లు అట్లాగే నిలిచాయి. తడి సాక్సుతో నడిస్తే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది కాబట్టి విప్పి బ్యాగుకు తగిలించి, మామూలు కాటన్ సాక్సు మీద శాండల్స్ వేసుకుని కొంత దూరం నడవాల్సి వచ్చింది. రెండో జత తప్పదు.

నాణ్యత సంగతికి వస్తే, మొదటి ఉతుకులోనే నల్లరంగు దిగి నా తెల్ల పంచె అంచు బూడిద రంగుకు తిరిగింది. మడమ దగ్గర దారం లేచింది. ప్యాకెట్ మీద ఫ్రీ సైజ్ అని ఉంది. పదో నంబరు చెప్పు వేసే మా బామ్మర్దికి వేళ్ల దగ్గర బిగుసుకుపోయింది. పెద్ద పాదాలవాళ్లు సైజులు వేరేగా ఉన్నవే వెతుక్కోండి. షుగరు ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లు దీన్ని నమ్ముకుని ధీమాగా ఉండొద్దు, ఆగిన ప్రతిచోటా విప్పి పాదం చూసుకోవాల్సిందే.

శ్రీవారిమెట్టు దారి సాయంత్రం 6 తర్వాత మూసేస్తారు కాబట్టి ఆ రాత్రి చంద్రగిరిలోనే పడుకుని పొద్దున్నే మెట్లెక్కాం. వేళ్లు బాగున్నాయి, మడమలు కొంచెం మంట. ఐదుకు మూడున్నర ఇస్తా. 399 ఎక్కువే, 250కి దొరికితే రెండు జతలు కొంటా, నల్లవి మాత్రం కాదు.