చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో మూడేళ్ళుగా వాడుతున్న కరెంటు మీటరు

మా యూనిట్‌లో బ్లాకు కట్టర్‌ను తిప్పే 50 హార్స్‌పవర్ మోటారుకు, మూడు ఫేజుల మీదా తెరిచి మూసే రకం 100/5 సీటీలు (కేబుల్ చుట్టూ పట్టుకుని, అందులోని 100 ఆంపియర్లను మీటరు కోసం 5 ఆంపియర్లకు తగ్గించే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు) బిగించి, ఆంపియర్లను నిమిషానికోసారి నమోదు చేసే మీటరు పెట్టి మూడేళ్ళు దాటింది. కేబుల్ విప్పే పని లేదు కదా అని ఈ రకం కొన్నాను. ఆ సుఖానికి తగిన మూల్యం తర్వాత చెల్లించాను.

మోటారు పలక మీద 415 వోల్టులకు 66 ఆంపియర్లని ఉంది. బ్లేడు రాయిని తాకకుండా తిరిగేటప్పుడు మీటరు 26 చూపిస్తుంది, గెలాక్సీ రాయిని (ఇక్కడి నల్ల గ్రానైట్) కోసేటప్పుడు 50 నుంచి 55 దాకా వెళుతుంది. నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఈ రెండు అంకెల మధ్య తేడాయే. రాయీ, లోతూ, వేగమూ మారకపోయినా కోత సమయంలోని అంకె రోజురోజుకూ ఎక్కుతోందంటే బ్లేడు అంచున రాయిని కోసే డైమండ్ సెగ్మెంట్లు మొద్దుబారుతున్నాయన్నమాట. ఖాళీగా తిరిగేటప్పటి అంకె కూడా దానితోపాటు పెరిగితే బ్లేడును వదిలి బేరింగులూ బెల్టులూ చూసుకోవాలి. (చప్పుడు విని చెప్పే మా మేస్త్రి చెవి మాత్రం ఇప్పటికీ మీటరు కంటే ఒక పూట ముందే ఉంటుంది.) అయితే 26 ఆంపియర్లంటే కోత ఖర్చులో సగమని లెక్క వేయకూడదు, ఖాళీ మోటారుకు పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే కరెంటులో నిజంగా పనికి ఖర్చయ్యే వంతు) బాగా తక్కువ కాబట్టి యూనిట్లు అంత కాలవు.

రెండో ఏడాది ఒక ఫ్యూజు పోయి ఒక ఫేజు సున్నాకు పడింది, మిగిలిన రెండూ 90 దాటాయి. నమోదు నిమిషానికోసారే అయినా అలారం వెంటనే మోగడంతో ఆపరేటరు ఆపేశాడు, మోటారు కాలి మళ్ళీ తీగ చుట్టించే రీవైండింగ్ తప్పింది. అలా అని కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను తీసేయవచ్చని కాదు, ఈ మీటరు మోటారును తనంతట తాను ఆపదు.

అసలు లోపం తెరిచి మూసే సీటీ దవడల్లో ఉంది. స్లర్రీ (కోతలో వచ్చే రాతి పొడి, నీళ్ళ బురద) ఎండి రేగిన మెత్తని పొడి ఆ దవడలు కలిసే సందులో చేరడంతో మూడింటిలో ఒకటైన వై ఫేజు అంకె మెల్లగా తగ్గుతూ వచ్చింది. నేను సరఫరాలోనే అసమతుల్యం ఉందనుకుని వారం రోజులు స్టార్టరు కాంటాక్టులు వెతికాను, చివరికి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోయింది. ఇప్పుడు నెలకోసారి మెయిన్ ఆపి తుడుస్తున్నాం. మోటారు నడుస్తుండగా సీటీ నుంచి మీటరుకు వచ్చే వైర్లను మాత్రం ఎవరూ విప్పకూడదు, తెగిన ఆ చివరల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది.

నమోదయ్యేది నిమిషపు సగటు కావడంతో, బ్లేడు రాయిలో రెండు సెకన్లు ఇరుక్కున్న సంగతి రికార్డులో ఎక్కడా కనబడదు. ఈ మధ్య పాలిషింగ్ లైనుకు సెకను సెకనూ రాసే మీటరునూ, అతుకు లేని వలయం రకం సీటీలనూ తీసుకున్నాను. కేబుళ్ళు విప్పి ఎక్కించడానికి ఒక షిఫ్టు పనిపోయింది.