డెత్ స్ట్రాండింగ్: బరువు మోయడమే ఆట అయినచోట

2019 నవంబరు 8న ప్లేస్టేషన్ 4 మీద విడుదలైన వీడియో గేమ్ డెత్ స్ట్రాండింగ్‌ను నేను ఆ మరుసటి ఏడాది మొదలుపెట్టాను. కథ పూర్తయి చాలాకాలమైంది. ఈలోగా ఎన్నో కొత్త ఆటలు వచ్చాయి. కొన్నింటిని పూర్తి చేశాను, కొన్నింటిని మరిచిపోయాను. దీన్ని మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రిపూట తెరిచి, సరుకు వీపున వేసుకుని, ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచి వస్తుంటాను. ఇంతకాలం ఆడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఎక్కువమంది విసుగని దేన్ని తిట్టారో, ఈ ఆట బలమంతా అందులోనే ఉంది. ఆ మాట ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

విమర్శకులంతా దీన్ని ముక్తకంఠంతో తోసిపుచ్చారనడం సరికాదు. జపాన్ పత్రిక ఫామిట్సు 40కి 40 మార్కులు వేసింది. ఆటల సమీక్షల వెబ్‌సైటు ఐజీఎన్ పదికి 6.8 దగ్గర ఆగిపోయింది. సమీక్షల మార్కులన్నీ పోగుచేసే వెబ్‌సైటు మెటాక్రిటిక్‌లో సగటు వందకు 82 దగ్గర నిలిచింది. అదే ఏడాది గేమ్ అవార్డ్స్‌లో దర్శకత్వానికి, సంగీతానికి, మ్యాడ్స్ మికెల్సన్ నటనకు బహుమతులు దక్కాయి. కానీ ఆడేవాళ్లలో వచ్చిన వ్యతిరేకత ఈ లెక్కల్లో కనిపించదు. సున్నా మార్కులు వేసినవారు ఎంతమంది పోగయ్యారంటే, నమ్మదగనివని చెప్పి మెటాక్రిటిక్ వాటిలో వేలకొద్దీ తీసివేయవలసి వచ్చింది. మా అమలాపురం, రాజమండ్రి మిత్రుల్లో ఈ డిస్కు కొన్నవారిలో చాలామంది రెండో అధ్యాయం దాటకుండానే సగం ధరకు అమ్ముకున్నారు. వారందరి ఫిర్యాదూ ఒకటే: ఇందులో నడవడం తప్ప ఏమీ లేదు.

ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. జపాన్ ఆటల దర్శకుడు హిడియో కొజిమా 2015లో కొనామి సంస్థ నుంచి బయటికి వచ్చి, సొంత స్టూడియో పెట్టుకుని తీసిన మొదటి ఆట ఇది. అంతకుముందు ఆయన పేరు చెబితే గుర్తుకొచ్చేది చాటుమాటు యుద్ధం. ఇక్కడ కథానాయకుడు సామ్ పోర్టర్ బ్రిడ్జెస్ సరుకులు చేరవేసే మనిషి. ఆ పాత్రకు రూపం, గొంతు ఇచ్చినది నటుడు నార్మన్ రీడస్. మృతుల లోకం బతికినవారి లోకంలోకి చొరబడి అమెరికా దేశమంతా ముక్కలైపోయింది. మిగిలిన జనం భూగర్భంలోని ఆశ్రయాల్లో తలదాచుకున్నారు. బయట కురిసే వాన తాకిన ప్రతిదాన్నీ క్షణాల్లో ముసలిదాన్ని చేస్తుంది. మందులు, విడిభాగాలు, విత్తనాలు, చివరికి వేడి పిజ్జా కూడా సామ్ ఒక్కడే తూర్పు నుంచి పడమరకు మోసుకుపోతూ, వెళ్లిన ప్రతిచోటునూ చైరల్ నెట్‌వర్క్ అనే సమాచార వ్యవస్థకు కలపాలి. ఇలాంటి ఆటలో తుపాకీ మోత కోసం ఎదురుచూసినవారు నిరాశపడడం సహజమే.

కానీ ఆ నడకను ఎలా తయారుచేశారో చూడండి. వేరే ఆటల్లో కంట్రోలర్ మీది స్టిక్‌ను ముందుకు నెడితే మనిషి గమ్యానికి చేరిపోతాడు. మధ్యలో ఉన్న నేల ఒక బొమ్మ మాత్రమే. ఇక్కడ ప్రతి పెట్టెకూ బరువుంది. దాన్ని వీపున పెట్టాలా, భుజానికి తగిలించాలా, తొడకు కట్టాలా, చేత పట్టుకోవాలా అన్నది మన ఇష్టం; ఆ ఇష్టానికి తగ్గ ఫలితం మొదటి పల్లం దిగేటప్పుడే తెలుస్తుంది. బరువు ఎటు ఒరిగితే సామ్ అటు తూలుతాడు. ఎల్2, ఆర్2 మీటలు రెండూ బిగించి పట్టుకుంటే పట్టీలు గట్టిగా పట్టుకుని నిలదొక్కుకుంటాడు, కానీ నడక నెమ్మదిస్తుంది. బూట్లు అరుగుతాయి. వానలో పెట్టెల పైపొర తుప్పు పడుతుంది. పడితే సరుకు చెల్లాచెదురవడమే కాదు, మృతుల జాడ పసిగట్టేందుకు అతని ఎదమీద గాజు గుడ్డులో ఉంచిన పసిపాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఆ ఏడుపు మన చేతిలోని కంట్రోలర్ నుంచే వినబడుతుంది. కంట్రోలర్‌ను అటూ ఇటూ ఊపి పాపను సముదాయించిన తరువాత గానీ మళ్లీ బయలుదేరబుద్ధి కాదు.

ఇక నది సంగతి. గౌతమి పాయ పక్కన పెరిగిన నాకు ఈ ఆటలో అన్నిటికంటే నిజమనిపించినది నదిని దాటడం. స్కానర్ నొక్కితే సామ్ భుజం మీది యంత్రం విచ్చుకుని నీటి మీద రంగు గుర్తులు వేస్తుంది. నీలమైతే ధైర్యంగా దిగవచ్చు. పసుపైతే నడవగలం గానీ ఓపిక కరిగిపోతుంది. ఎరుపు గుర్తున్నచోట కాలు పెడితే ప్రవాహం లాక్కుపోతుంది, సరుకు విడిపోయి దిగువకు కొట్టుకుపోతుంది, ఒడ్డుకు చేరాక దాని వెంటపడి ఏరుకోవాలి. పైకి ఒకేలా కనబడే నీరు రెండడుగుల తేడాలో ఎంత మారిపోతుందో మా లంకల వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎండాకాలం ఇసుక మేటలు తేలినప్పుడు నడిచి దాటేవాళ్లు తిన్నగా వెళ్లరు. మేట ఎటు తిరిగితే అటే తిరిగి వెళతారు. ఈ ఆటలోనూ అంతే. దగ్గర దారి తిన్నగా ఉండదు. నీళ్లు చూసి, రాళ్లు చూసి, ఎక్కడ వెడల్పై పలచబడిందో కనిపెట్టి దిగాలి.

మా బాబాయ్ ఒకప్పుడు లంక తోటల్లో దింపు తీసిన కొబ్బరికాయలను కావిళ్ల మీద రేవుకు చేర్చి పడవకెక్కించిన మనిషి. వీడియో గేములంటే ఆయనకు ఏ ఆసక్తీ లేదు. ఒక సాయంత్రం నేను కొండ ప్రాంతానికి సరుకు సర్దుతుంటే వెనక కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నారు.

"ఏంట్రా అబ్బాయ్, అంత ఎత్తు పేర్చేశావు? పల్లం దిగితే ముందుకి పడిపోడూ?"

"పడడు బాబాయ్. పట్టీలు రెండు చేతులా పట్టుకుంటాడు."

"పట్టుకుంటే సరిపోద్దేంటి? బరువున్నవి అడుక్కి పెట్టు, తేలికవి పైన పెట్టు. అడుగు బరువుంటేనే మనిషి కుదురుగా ఉంటాడు."

"ఆయ్, అలాగే బాబాయ్."

ఆయన చెప్పినట్టే మార్చాను. ఆ దిగుడులో సామ్ తూలడం స్పష్టంగా తగ్గింది. బరువైన పెట్టెలు కింద ఉంటే నిలకడ పెరుగుతుందన్నది ఈ ఆటలో నిజంగా ఉన్న లెక్క. ఆటల గురించి ఏమీ తెలియని మోత మనిషి తన పని అనుభవంతో చెప్పిన సలహా తెరమీద పనిచేసిందంటే, దీన్ని తయారుచేసినవారు మోయడం అనే పనిని ఎంత శ్రద్ధగా గమనించారో అర్థమవుతుంది. "ఏమీ లేదు" అన్న మాటకు నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

చాలామంది చేరుకోకుండా వదిలేసిన అసలు విశేషం మరొకటి ఉంది. కొత్త ప్రాంతానికి మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ సామ్ ఒంటరి. ఇతర ఆటగాళ్లు వేసినవేవీ కనబడవు. నిచ్చెనలు, తాళ్లు మనమే మోసుకెళ్లి, మనమే వేసుకుని, ఎలాగో గట్టెక్కాలి. అక్కడి కేంద్రాన్ని నెట్‌వర్క్‌లో కలిపాక తిరుగు ప్రయాణంలో దృశ్యం మారిపోతుంది. ఎక్కడో ఉన్న, పేరు తప్ప మరేమీ తెలియని మనుషులు వేసిన నిచ్చెనలు, వంతెనలు, వాన తగలని చిన్న షెడ్లు కనిపిస్తాయి. మనం వేసినవి కూడా అలాగే ఎవరి ప్రపంచంలోనో ప్రత్యక్షమవుతాయి. పంట కాలువ మీద ఎవరో వేసిపోయిన తాటి దుంగ లాంటివే ఇవి: వేసినవాడు తన అవసరానికే వేసుకున్నాడు, తీసుకుపోలేదు, ఊరంతా దాటుతోంది. ఉపయోగపడితే ఒక లైకు ఇస్తాం. ఆ లైకుతో కొనుక్కోవడానికేమీ లేదు. అయినా నేను ఒక వాగు మీద, రెండు రాళ్ల మధ్య సరిగ్గా కుదిరేలా వేసిన నిచ్చెనకు పొద్దున లేచేసరికి ఎవరెవరో లైకులు ఇచ్చి ఉండడం చూస్తే కలిగే సంతోషం ఏ ఆటలోని ట్రోఫీకీ రాలేదు.

మొదటిసారి ఒంటరిగా పడ్డ కష్టం లేకపోతే రెండోసారి కనిపించే నిచ్చెనకు విలువ ఉండదు. అందుకే మొదటి గంటల మందకొడితనాన్ని నేను లోపంగా లెక్కపెట్టను. విశాలమైన మూడో అధ్యాయానికి చేరాక రహదారుల నిర్మాణం మొదలవుతుంది. దారి పొడవునా ఉండే పేవర్ అనే రోడ్డు వేసే యంత్రాల్లో లోహాలు, సిరామిక్కులు, చైరల్ స్ఫటికాలు పోస్తే ఒక్కో ముక్క రోడ్డు లేస్తుంది. అడిగే సామగ్రి చాలా ఎక్కువ. ఒక్కరి వల్ల తేలిగ్గా అయ్యే పని కాదు; కొంత మనం పోస్తే, మిగిలినది ఇతరులు పోసి ఉంటారు. ఆ సామగ్రిని తెచ్చుకోవడానికి నేను దొంగల శిబిరాల చుట్టూ తిరిగాను, లారీ నింపాను, దాన్ని బురదలో దిగబెట్టాను, మళ్లీ తెచ్చాను. ఇదంతా కథ ముందుకు నడవడానికి తప్పనిసరి కాదు. అయినా రెండు నగరాల మధ్య రోడ్డు పూర్తయి, ఇన్నాళ్లూ రాళ్లలో పడి లేచిన దారిలో లారీ హాయిగా సాగిపోతుంటే, పక్కనే ఉన్న ఆ రాళ్లలో ఏది ఎక్కడుందో నాకింకా గుర్తుంది.

రోడ్డు పడ్డాకా పని అయిపోదు. వాన వాటినీ తినేస్తుంది. మరమ్మతు చేసేవాళ్లు ఉంటేనే నిలుస్తాయి. కొండల్లో తాళ్ల మీద జారే జిప్‌లైన్లు వస్తాయి. వాటిని అంతటా వేసుకుంటే నడక దాదాపు పోతుంది. కాబట్టి నేను మంచు కొండల మీద తప్ప వేసుకోను. నడక విసుగన్నవారికి ఆ ఆట నడక తప్పించే సాధనాలన్నీ ఇచ్చింది. కాకపోతే ముందు నడిచిన తరువాతే ఇచ్చింది.

పోరాటం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మనుషుల్ని చంపవచ్చు, కానీ చంపితే శవాన్ని దహనశాలకు మోసుకెళ్లాలి. లేకపోతే అది మృతులను రప్పించి, పేలుడుతో ఆ ప్రాంతమే గొయ్యిగా మారుతుంది. అందుచేత ఎవరినీ చంపకుండా కథంతా ముగించాను. ఆటలో చావుకు ఇంత బరువు ఇచ్చిన సందర్భం నాకు మరొకటి కనబడలేదు.

ఇష్టపడ్డానని లోపాలు దాచను. కథ చెప్పే దృశ్యాలు చాలా దీర్ఘం, ముఖ్యంగా చివరి భాగంలో. ఒకసారి చెప్పిన సంగతిని పాత్రలు మళ్లీ మళ్లీ విప్పి చెబుతాయి. పెద్ద రాక్షసులతో పోరాటాలు సాదాసీదాగా ఉన్నాయి, వాటిలో భయమూ లేదు, నేర్పూ అక్కరలేదు. విడుదలైనప్పుడు తెర మీది అక్షరాలు మరీ చిన్నవిగా ఉండేవి. తరువాతి అప్‌డేట్‌లో పెద్దవి చేసుకునే వీలు కల్పించారు. సరుకు అప్పగించిన ప్రతిసారీ వచ్చే లెక్కల తెరలను దాటించడానికే మీటలు ఎన్నోసార్లు నొక్కాలి. సామ్ గదిలో కనిపించే ఎనర్జీ డ్రింకు ప్రకటన ఆ లోకానికి ఎంతమాత్రం అతకలేదు. దాన్ని తరువాత వచ్చిన విస్తృత కూర్పు డైరెక్టర్స్ కట్‌లో తీసేసి మంచిపని చేశారు. ఈ విషయాల్లో విమర్శకులు చెప్పినదానితో నాకు పేచీ లేదు. కానీ వారిలో చాలామంది వీటినీ నడకనూ ఒకే గాటన కట్టారు. ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిరగడం పునరుక్తి అన్నారు. సరుకు మారితే దారి మారుతుంది: పిజ్జా పెట్టెను అడ్డంగానే పట్టుకెళ్లాలి, బరువు సరుకుతో రాళ్ల దారి పనికిరాదు, వాన మబ్బు కమ్మితే చుట్టుతిరిగి పోవాలి. మ్యాపు ఒకటే అయినా ప్రయాణం ఒకటి కాదు.

మా ప్రాంతంలో ఆడేవారికి ఒక సూచన. తుపాను రోజుల్లో మా దగ్గర నెట్ పోతే ఒక్కోసారి రెండేసి రోజులు రాదు. ఆట అప్పుడూ నడుస్తుంది గానీ కొత్తగా ఎవరి కట్టడాలూ చేరవు, లైకులు రావు. ఆ రోజుల్లో ఆడి చూసినప్పుడే ఇతరుల తోడు ఈ ఆటకు ఎంత ముఖ్యమో నాకు బాగా తెలిసింది. కాబట్టి తొలిసారి ఆడేవారు నిలకడైన కనెక్షన్ ఉన్నప్పుడే మొదలుపెట్టడం మంచిది. కరెంటు కోతల విషయంలో అంత బెంగ అక్కరలేదు. ఆట తరచుగా తనంతట తానే సేవ్ చేసుకుంటుంది.

ఇప్పుడు కొనేవారు 2021 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కు వచ్చిన డైరెక్టర్స్ కట్ తీసుకోవచ్చు. కంప్యూటరు మీదా దొరుకుతుంది. ఈ కూర్పులో సరుకును దూరంగా విసిరే యంత్రం, మోసుకొచ్చే రోబో, కారు పందేల మైదానం అదనంగా చేర్చారు. రోబో కొత్తవారికి కొంత ఊరట. పందేల మైదానం వైపు నేను మళ్లీ వెళ్లలేదు. రెండో భాగం 2025 జూన్‌లో విడుదలైంది గానీ దాని కథ మొదటిదాని ముగింపు నుంచి సాగుతుంది కనుక ముందు ఇదే ఆడాలి. కనీసం మూడో అధ్యాయంలో మొదటి రోడ్డు ముక్క లేచేదాకా ఆడి, అప్పటికీ నచ్చకపోతే డిస్కు అమ్మేయండి.